తొక్కల గది

సోమవారం పొద్దున్న ఎనిమిది కాకముందే గున్నయ్య వచ్చి పొర తీసే హాలు గుమ్మంలో నిలబడ్డాడు. కాశీబుగ్గలోని ఆ జీడి ఫ్యాక్టరీకి పదహారేళ్ళుగా వస్తున్నాడు గానీ ఆ గుమ్మం ఎప్పుడూ దాటలేదు. అతని పనంతా పెరట్లో, బాయిలరు దగ్గర. పిక్క తొక్కల్ని పారతో మంటలోకి ఎగదోయడం, ఉడికిన పిక్కల్ని బస్తాలకెత్తి ఆరబోయడం. ఆ పని ఇక వద్దని పలాస ఆసుపత్రి డాక్టరమ్మ కిందటి వారమే చెప్పేసింది. కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయి, వేడి దగ్గర ఉండకు, బరువులెత్తకు, గంటకోసారి నీళ్ళు తాగు, శుక్రవారం మళ్ళీ వచ్చి రక్తం ఇవ్వు అంది. ఉద్దానంలో ఆ జబ్బు తలుపు తట్టని వీధి లేదు. అందుకే గున్నయ్య ఆ మాట విని ఏడవలేదు. తన చేతుల వంక మాత్రం చాలాసేపు చూసుకున్నాడు.

అతని వెనకే అతని భార్య జగదాంబ టిఫిను గిన్నెల సంచితో నిలబడి ఉంది. ఆమెకి ఆ హాలు పద్నాలుగేళ్ళ అలవాటు.

"ఏటి గున్నయ్యా, దారి తప్పినావా?" అన్నాడు మేస్త్రీ మల్లేశ్వరరావు.

"బల్ల కాడ పనుంటే ఇప్పించండి బాబూ. బాయిలరు నా వొల్ల కాదు."

"అది ఆడోళ్ళ పనిరా. కూలీ కూడా ఆడోళ్ళ కూలే ఇత్తాం."

"తెల్సు బాబూ."

పెరటి వైపు నుంచి నవ్వులు వినిపించాయి. నిన్నటిదాకా అతనితో పాటు పార పట్టిన పోలారావు గొంతెత్తి, "ఓరి, మన గున్నమ్మ పన్లోకి ఒచ్చినాదిరోయ్!" అన్నాడు. గున్నయ్య తల తిప్పలేదు.

లోపల ముప్పై మంది ఆడవాళ్ళు పొడుగాటి బల్లలకి రెండు వైపులా కూర్చుని ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. అందరిలోకీ పెద్దది దాలమ్మ కాస్త పక్కకి జరిగింది.

"రా బావా, కూకో. నీడపట్టున పని కదా అనుకోకు. నడుం సెప్తాది సాయంత్రానికి."

బోర్మా పొయ్యిలో ఎండిన పప్పు గోరువెచ్చగా తట్టల్లో వచ్చింది. గింజకి అంటుకున్న ఎర్రటి పొరని ఒలిచి, తెల్లటి పప్పు ఒక పక్కకీ పొర ఒక పక్కకీ వెయ్యాలి. చూడ్డానికి అంతే. పార పట్టి కాయలు కాసిన వేళ్ళ మధ్య గింజ నిలవలేదు. నొక్కితే పుటుక్కున రెండు బద్దలైంది. బద్దయితే ధర పోతుంది, మేస్త్రీ అరుస్తాడు. మూడో గింజ కూడా విరిగాక జగదాంబ తన తట్ట మీంచి చూపు ఎత్తకుండానే అంది.

"గోరెట్టకు మావా. ఏలితో నలుపు. అదే ఊడొత్తాది."

నలిపాడు. ఊడి వచ్చింది. ఆవిడ వేళ్ళ వంక చూశాడు. ఒక్కో గింజా ఆ వేళ్ళ మధ్య ఒక్కసారి దొర్లి తెల్లగా అయి పడుతోంది. ఇంట్లో ఇన్నేళ్ళు చూసిన వేళ్ళే. ఇంత పనితనం ఉందని అతనికి తెలీదు.

గంట కాగానే డాక్టరమ్మ మాట గుర్తొచ్చి సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. కాసేపటికి లేచి ప్రహరీ పక్కకి వెళ్ళొచ్చాడు. మళ్ళీ తాగాడు, మళ్ళీ వెళ్ళొచ్చాడు. మూడోసారి వచ్చి కూర్చుంటుంటే గమనించాడు. పొద్దుట నుంచి బల్ల దగ్గర నుంచి లేచిన మనిషి తనొక్కడే. గోడవార కడవ నిండుగా ఉంది. దాని మీద బోర్లించిన గ్లాసు పొడిగా ఉంది. ఎదురుగా కూర్చున్న రూప ఆరో నెల కడుపుతో ఉంది. భావనపాడు పిల్ల, మొగుడు సముద్రం మీదకి వెళ్తాడు, పనిలో చేరి నెల కాలేదు. ఆ పిల్ల నాలుకతో పెదాలు తడుపుకుని మళ్ళీ తట్టలోకి వంగింది.

"దాహమైతే తాగమ్మా," అన్నాడు గున్నయ్య.

రూప దాలమ్మ వంక చూసింది. దాలమ్మ తన తట్టలోంచి ఇంకో గింజ తీసింది. పక్కనెవరో చిన్నగా దగ్గారు. ఒంటిగంటకి అన్నాల దగ్గర ముప్పై మందీ ఒక్కో గుక్క తాగారు, గొంతులో ముద్ద దిగడానికి ఎంత కావాలో అంత.

సాయంత్రం ఊళ్ళో జీపు దిగి, జీడితోటల మధ్య మట్టిదారిన ఇంటికి నడుస్తూ అడిగాడు.

"నువ్వు పన్లో నీళ్ళు తాగవేటి?"

"తాగితే యెక్కడికెల్లాల?"

"అంటే?"

జగదాంబ ఆగి అతని మొహంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని చూసినట్టుంది. కాదని తెలిశాక ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మీకు గోడుంది. మాకేటున్నాది? రోడ్డు దాటి రైలుకట్ట కాడికెల్లాల. ఎల్లొస్తే అరపూట కొట్టేత్తాడు మేస్త్రి. అందుకే పొద్దున్న ఇంటికాడ ఎల్తాం, సాయంత్రం ఇంటికాడ ఎల్తాం."

"ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూనూ."

"నాకెప్పుడూ సెప్పనేదే."

"నువ్వెప్పుడడిగినావు మావా," అంది జగదాంబ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని ముందుకి నడిచింది.

మంగళవారం ఎండ మండిపోయింది. పదకొండు దాటాక రూప రెండుసార్లు సగం లేచి మళ్ళీ కూర్చుంది. మేస్త్రీ గుమ్మంలోనే పెరటి వైపు తిరిగి నిలబడి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ పిల్ల వేళ్ళు గింజ మీద ఆగిపోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. గున్నయ్యకి ముందు అర్థం కాలేదు. నొప్పులేమోనని భయపడి లేవబోయాడు. అంతలో రూప కూర్చున్న పీట కింద గచ్చు మీద తడి కనిపించింది. సన్నగా, మెల్లగా, బల్ల కిందకి పాకుతోంది.

రూప తలెత్తలేదు. ఆ పిల్ల మెడ మీద నరం ఒకటి కొట్టుకోవడం మాత్రం గున్నయ్యకి కనిపించింది.

దాలమ్మ లేచింది. దాహమైనదానిలా నిదానంగా కడవ దగ్గరకి నడిచి, గ్లాసు తీసి, మోచేత్తో కడవని ఒక్క తోపు తోసింది. కడవ దొర్లి భళ్ళున పగిలింది. నీళ్ళు గచ్చంతా పారి రూప పీట కింద తడిని కూడా కలుపుకుని గుమ్మం దాకా వెళ్ళాయి. అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి చీరలు ఎత్తి పట్టుకుని, "ఓలమ్మో, ఓలమ్మో" అని కేకలు పెట్టారు. ఆ గోలలో ఇద్దరు రూపని మధ్యలో పెట్టుకుని లేపారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఇది వాళ్ళకి తెలిసిన పనే. గున్నయ్యకి అది చూసే ఎక్కువ భయం వేసింది.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. నేల మీద పెట్టిన రెండు తట్టల పప్పు తడిసిపోయింది.

"ఎవుతిరా ఇది సేసినాది?"

దాలమ్మ నోరు తెరిచింది. ఈలోపే గున్నయ్య అన్నాడు.

"నానే బాబూ. కాలు తగిలీసినాది."

మేస్త్రీ అతన్ని తిట్టాడు. ఆడవాళ్ళ మధ్య మగాణ్ణి కూర్చోబెడితే ఇలాగే ఉంటుందన్నాడు. తిట్టి తిట్టి వెళ్ళిపోయాడు. గున్నయ్య చీపురు తీసుకుని నీళ్ళు గుమ్మంలోంచి బయటికి ఊడ్చాడు. ఊడుస్తుంటే దాలమ్మ పెంకులేరుతూ పక్కకి వచ్చింది.

"ఇయ్యాల మాట పడ్డావు, మంచిదే. ఆ గదినిండా తొక్కలేసిన్నాడు కూడా ఇలాగే ఆలోసిస్తే బాగున్ను."

"ఏ గది?"

"పెరట్లో తొక్కల గది. అది మాకని కట్టింది బావా. దొడ్డి గది. కట్టిన వారానికే తొక్కలతో నింపేసినారు, ఒక్కనాడూ వాడనేదు. బేసిన్ కూడా ఉన్నాది. ఎల్లి సూడు."

అన్నాల వేళ వెళ్ళి చూశాడు. బాయిలరు పక్కన రేకు తలుపు గది. లోపల కప్పు దాకా తొక్క బస్తాలు. గున్నయ్య కుడి వైపు వంగి, అడుగు బస్తాల సందులోంచి చెయ్యి పెట్టి తడిమాడు. చల్లగా, నున్నగా తగిలింది. తెల్ల పింగాణీ అంచు. అంతా దుమ్ము.

అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఆ బస్తాలు వేసింది తనే. తనూ పోలారావూ. వాన ముంచుకొస్తోంది, ఆ గదిలో పడెయ్యండి అన్నాడు మేస్త్రీ. ఆ హడావిడిలో బేసిన్ని తను పట్టించుకోలేదు. ఆ రోజు జగదాంబ హాలు గుమ్మంలోకి వచ్చి, "అందులో ఎయ్యకండి మావా" అని అరిచింది. తొక్కలు తడిస్తే నీ అబ్బొచ్చి బాయిలరు ఎలిగిత్తాడా అని తను అరిచాడు. అందరూ నవ్వారు. అది ఏడేళ్ళ కిందటి మాట. ఆ మాట తర్వాత ఆవిడ మళ్ళీ ఆ గది సంగతి ఎత్తలేదు.

సాయంత్రం యజమాని తారకేశ్వరరావు కబురుపెట్టాడు. గున్నయ్యే వెళ్దామనుకుంటున్నాడు.

"కూర్చో గున్నయ్యా. నువ్వా బల్ల కాడ కూకుంటే నాకే బాగోలేదు. రేపట్నుంచి గేటు కాడ కుర్చీలో కూకో. నీ పాత కూలీ నీకిస్తాను. ఆడవాళ్ళు ఎవరు ఎన్నిసార్లు బయటికెళ్తున్నారో, ఎంతసేపటికొస్తున్నారో ఒక పుస్తకంలో రాయి. అంతే పని."

నీడపట్టున కుర్చీ. పాత కూలీ. డాక్టరమ్మ చెప్పిన మాట వినడానికి ఇంతకన్నా ఏం కావాలి? గున్నయ్య నిలబడే అడిగాడు.

"బాబూ, ఆ తొక్కల గది ఆడోళ్ళ కోసం కట్టినాదట కదా. కాళీ సేయిత్తే..."

"సీజను అవనీ, చూద్దాం. ఇప్పుడు తొక్కలు నా నెత్తిన పెట్టుకోనా? వాళ్ళేం అడగలేదు, నీకెందుకు?"

గున్నయ్య నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే జగదాంబ పొయ్యి దగ్గర నుంచి తిరక్కుండానే, "ఒప్పుకో మావా. నీ ఒంటికి మంచిది," అంది. నిజంగానే అంది. అతను కిటికీ దగ్గర తోట వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ గదిలో బస్తాలు నానే ఏసినాను."

"తెల్సు."

"నువ్వొద్దన్నావు."

"అన్నాను," అంది జగదాంబ. "అన్నం తిను. సల్లారిపోతాది."

బుధవారం గున్నయ్య గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో గళ్ళ పుస్తకం, జేబులో పెన్ను. హాలు కిటికీ అక్కడికి కనిపిస్తుంది. తొమ్మిదింటికి జగదాంబ లేచింది. కొత్త కడవ దగ్గరకి వెళ్ళి గ్లాసు ముంచి, గటగటా తాగి, మళ్ళీ ముంచి తాగి, వచ్చి కూర్చుంది. తర్వాత దాలమ్మ లేచింది. తర్వాత రూప. తర్వాత మరొకరు. ఎవరూ తొందరపడలేదు. ఒకరి గ్లాసు ఒకరు అందుకున్నారు. మేస్త్రీ ఎండకి దాహమనుకున్నాడు కాబోలు, పట్టించుకోలేదు. కడవ అయిపోతే రజని అనే పిల్ల వెళ్ళి కుళాయి దగ్గర నింపుకొచ్చింది.

కావాలనే తాగుతున్నారని గున్నయ్యకి అర్థమైంది. ఇది నిన్న తను యజమాని దగ్గరున్నప్పుడో, ఈ పొద్దున్న తను గేటు దగ్గర ఆగిపోయాకో అనుకున్న పని. తన పక్కనే నడిచిన జగదాంబ తనకి చెప్పలేదు. చెప్పకపోవడంలో తప్పేమీ కనపడలేదతనికి. ఇప్పుడు తను గేటు మనిషి.

పదిన్నరకి ముప్పై మందీ లేచారు. తట్టల మీద గుడ్డలు కప్పి, వరసగా పెరట్లోకి వచ్చి, తొక్కల గది ముందు ఆగారు. జగదాంబ రేకు తలుపు లాగింది. దాలమ్మ చీర కొంగు నడుంలో దోపి ఒక బస్తా చెవి పట్టుకుంది.

"ఏయ్! ఏటిది? పన్లోకి నడండి!" మేస్త్రీ అరిచాడు. ఎవరూ కదల్లేదు. గేటు వైపు తిరిగాడు. "గున్నయ్యా! పేర్లు రాయి! ఒక్కరు తప్పకుండా రాయి!"

గున్నయ్య పెన్ను తీశాడు. జగదాంబ అతని వైపు చూడనే లేదు. మధ్య వరస బస్తాని ఇద్దరితో కలిసి లాగుతోంది. పైన నాలుగు వరసలు ఊగాయి.

పుస్తకం కుర్చీలో పడేసి పరిగెత్తాడు.

"అలా లాగకండే! మీద పడిపోతాయి! అడ్డంగా పేర్చినాం. కుడి పక్క పైనుంచి తియ్యాల. ఆగండి, నాను సెప్తాను."

ఆడవాళ్ళు ఆగారు. జగదాంబ పక్కకి తప్పుకుంది. గున్నయ్య కుడి మూల పై బస్తా మీద చెయ్యి వేశాడు. ఎత్తబోతుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతన్ని పక్కకి నెట్టింది. పోలారావు. ఒళ్ళంతా మసి, చెమట. నిన్న కడవ పగిలాక రూపని ఇద్దరు నడిపించుకుంటూ పెరట్లోంచి తీసుకెళ్ళడం అతనూ చూశాడు. ఆ పిల్ల చీర ఎలా ఉందో చూశాడు.

"నువ్వెత్తకు బావా. నోటితో సెప్పు సాలు," అని బస్తా భుజానికెత్తుకున్నాడు.

తారకేశ్వరరావు కారు వచ్చేసరికి పెరడంతా బస్తాలే. సగం ఆడవాళ్ళు మోస్తున్నారు, సగం బాయిలరు మగవాళ్ళు మోస్తున్నారు. సాయంత్రానికి లోడు వెళ్ళాలి. బల్లల మీద పప్పు అలాగే ఉంది. ఆయన కారు దిగి, అటు చూసి, ఇటు చూసి, కుర్చీలో ఖాళీ పుస్తకం చూశాడు. ఒక్కరో ఇద్దరో అయితే ఏమనేవాడో. "బేగి కానిచ్చుకుని పన్లో కూకోండి," అని ఆఫీసులోకి వెళ్ళిపోయాడు.

అడుగు బస్తా తీసేసరికి దుమ్ము, ఎలుకల గూడు, పురుగులు. దాలమ్మ కుళాయి నీళ్ళతో కడిగింది. తలుపుకి గొళ్ళెం లేదు. రజని తన చున్నీ గుమ్మానికి అడ్డం పట్టుకుంది. "ముందు నువ్వెల్లమ్మా," అని రూపని పంపారు. ముప్పై మందీ గది వైపు వీపు పెట్టి నిలబడ్డారు. బాయిలరు మగవాళ్ళు ఎవరూ చెప్పకుండానే అటు తిరిగిపోయారు. గున్నయ్య ప్రహరీ గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. పదహారేళ్ళుగా తను ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్ళిన గోడ అది.

మర్నాడు గేటు కుర్చీలో మేస్త్రీ తమ్ముడు కూర్చున్నాడు. గున్నయ్య బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆడకూలీకే. ఆ రోజు అతని తట్టలో విరిగినవి నాలుగే.

శుక్రవారం ఇద్దరూ పలాస ఆసుపత్రికి వెళ్ళారు. కిందటిసారిలాగే జగదాంబ చీటీలు పట్టుకుంది, వరసలో అతని బదులు నిలబడింది. రక్తం తీసే అమ్మాయి సూది సిద్ధం చేస్తుంటే గున్నయ్య అన్నాడు.

"మా ఆడమనిషికి కూడా తియ్యండమ్మా."

"నాకేటైంది?" అంది జగదాంబ.

"ఊళ్ళోకి పరీక్షలోళ్ళొచ్చినపుడు నువ్విచ్చినావా?"

"ఆ పూట నీకు కేరేజీ కడతన్నాను. నా వొంతొచ్చేసరికి వాళ్ళెల్లిపోయినారు."

అమ్మాయి నవ్వి, ఆవిడ పేరు అడిగి రాసుకుంది. జగదాంబ చెయ్యి చాపి మొహం పక్కకి తిప్పుకుంది. గున్నయ్య ఆవిడ భుజం పట్టుకున్నాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. గున్నయ్య కాగితం చేతికిచ్చి, "నీది పెరగలేదు. క్రియాటినిన్ మూడు పాయింట్ ఒకటి. ఇలాగే జాగ్రత్తగా ఉండు," అంది. రెండో కాగితం చేతిలోనే ఉంచుకుంది.

"జగదాంబా, నీకు కాళ్ళు వాపులొస్తాయా?"

"పొద్దల్లా కూకుంటాం కదమ్మా. అందరికీ వొత్తాయి."

"నీది మూడు పాయింట్ ఎనిమిది."

గున్నయ్యకి అంకెలు తెలుసు. తనకన్నా ఎక్కువ. తనని ఆటో ఎక్కించి, దించి, ఉప్పు లేకుండా వేరే వండిపెట్టిన మనిషికి తనకన్నా ఎక్కువ.

"నీళ్ళు తాగకుండా పనిసేసేవోరమ్మా," అన్నాడు. "పద్నాలుగేళ్ళు. అందువొల్లేనా?"

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. "ఇక్కడ ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. అందువల్లే అని నేను చెప్పలేను. కానీ అది మేలు మాత్రం చెయ్యలేదు. ఇంకో ఏడాది ముందు తీసుకొచ్చుంటే బాగుండేది."

బయట వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. మందుల చీటీలు ఇప్పుడు రెండు. జగదాంబ వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి మడత పెట్టింది.

"ఇద్దరం ఒకే రోజు రావొచ్చు. ఒక ఆటో సాలు," అంది.

గున్నయ్య నవ్వలేకపోయాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని వంగిపోయాడు. "నాను ఏసినాను ఆ బస్తాలు," అన్నాడు మళ్ళీ. ఈసారి జగదాంబ తెలుసనలేదు. ఫర్వాలేదని కూడా అనలేదు. వరండాలో ఎవరో పసిపిల్లని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. వాళ్ళు పక్కకి వెళ్ళాక ఆవిడ చీటీలు సంచిలో పెట్టుకుంటూ అంది.

"నీకు జబ్బని సెప్పిన్నాడు నాకు శానా భయమేసినాది మావా. నీకు సెప్పనేదు. నువ్వు బెంగెట్టుకుంతావని."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ భయంగానే ఉన్నాది," అంది జగదాంబ. "నీకు సెప్తన్నాను."

అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. జీడిపొర రంగు గోళ్ళ సందుల్లో ఎర్రగా ఇంకిపోయి ఉంది. తన వేళ్ళకి కూడా అప్పుడే అంటడం మొదలుపెట్టింది. తర్వాత ఆవిడే ముందు లేచింది.

"పద మావా."

"ఇంటికేనా?"

"ఇంకా మూడే అయ్యింది. బల్ల కాడ అందరూ ఉంతారు. ముప్పై మందిలో ఒక్కర్తి కూడా రగతమిచ్చుండదు. సెప్పాల."

ఆసుపత్రి గేటు బయట ఆటో ఆపింది ఆవిడే. లోపలికి జరిగి అతనికి చోటు చేసి, "కాశీబుగ్గ. జీడి ఫ్యాక్టరీకి పోనీ బాబూ, బేగి," అంది.